మహమ్మద్ హత్తా: 430 కోట్ల అప్పుతో వచ్చిన ఆజాదీ

జకార్తా విమానాశ్రయం పేరు సుకర్ణో-హత్తా. సుకర్ణో సంగతి మనలో చాలామందికి తెలుసు. రెండో పేరు ఇండోనేషియా తొలి ఉపాధ్యక్షుడు మహమ్మద్ హత్తాది.

ఆయన 1902 ఆగస్టు 12న సుమత్రా దీవిలోని బుకిట్టింగిలో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. 1921లో వ్యాపార, ఆర్థిక శాస్త్రాలు చదవడానికి హాలండ్‌లోని రాటర్‌డామ్ వెళ్లారు. తన దేశాన్ని ఏలుతున్న వాళ్ల గడ్డ మీదే స్వాతంత్ర్యం కోరే విద్యార్థులకు నాయకుడయ్యారు. 1927లో అరెస్టు చేశారు కానీ కోర్టు నిర్దోషి అని వదిలేసింది. స్వదేశం వచ్చాక 1934లో మళ్లీ పట్టుకుని పాపువా అడవుల్లోకి, తర్వాత బండా దీవికి పంపేశారు.

1945 ఆగస్టు 17న సుకర్ణో, హత్తా స్వాతంత్ర్యం ప్రకటించారు. డచ్చివారు ఒప్పుకోలేదు. రెండుసార్లు ఒప్పందాలు కుదిరాయి, రెండుసార్లూ సైన్యాన్ని దించారు. 1948 డిసెంబరులో ప్రధానిగా ఉన్న హత్తానే బంధించి బంకా దీవిలో పెట్టారు. మరుసటి నెల నెహ్రూ ఢిల్లీలో ఆసియా దేశాల సదస్సు పెట్టి ఇండోనేషియా పక్షాన నిలిచారు. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి కూడా ఖైదీలను విడిచిపెట్టమంది.

1949 ఆగస్టు 23న హేగ్‌లో రౌండ్ టేబుల్ సమావేశం మొదలైంది. నిన్నటి ఖైదీ హత్తా తన దేశ ప్రతినిధులకు నాయకుడిగా వచ్చారు. రెండు చిక్కులు తెగలేదు. ఒకటి వలస ప్రభుత్వం చేసిన అప్పు. మా మీద చేసిన యుద్ధాల ఖర్చు మేమెందుకు కట్టాలన్నది ఇండోనేషియా వాదన. రెండోది పశ్చిమ పాపువా. దాన్ని వదలడానికి డచ్చివారు ససేమిరా అన్నారు.

చివరికి 430 కోట్ల గిల్డర్ల అప్పు నెత్తికెత్తుకోవాల్సి వచ్చింది. పాపువా సంగతి ఏడాదిలో తేల్చుకుందామని వాయిదా పడింది. ఇంటా బయటా విమర్శలొచ్చాయి. కానీ ఒప్పుకోకపోతే మళ్లీ యుద్ధమే. డిసెంబరు 27న ఆమ్‌స్టర్‌డామ్‌లో జూలియానా రాణి సమక్షంలో సార్వభౌమాధికారం చేతికొచ్చింది.

విమర్శకుల మాటా పూర్తిగా తప్పు కాదు. పాపువా తగువు 1960ల దాకా సాగింది. మిగిలిన బాకీ కట్టేది లేదని 1956లో ఇండోనేషియా తేల్చి చెప్పేసింది. అయితే హేగ్‌లో చేతికొచ్చిన అధికారం మళ్లీ డచ్చివారి చేతికి పోలేదు.

అదే 1956లో సుకర్ణోతో పొసగక హత్తా పదవి వదిలేశారు. 1980 మార్చి 14న కన్నుమూశారు. కోరి కొనుక్కోలేకపోయిన బూట్ల ప్రకటన ఒకటి ఆయన వస్తువుల్లో దొరికిందని చెబుతారు. ఆయన కోరిక ప్రకారమే వీరుల శ్మశానంలో కాకుండా, జకార్తాలోని తనా కుసిర్‌లో మామూలు జనం మధ్య దఫన్ చేశారు.