పిట్ రివర్స్

అగస్టస్ లేన్ ఫాక్స్ 1827లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో జన్మించాడు. యౌవనంలోనే సైన్యంలో చేరి, 1854లో క్రిమియా యుద్ధంలో పాల్గొన్నాడు. 1880లో ఒక బంధువు మరణించగా క్రాన్‌బోర్న్ చేజ్ ప్రాంతంలో 25 వేల ఎకరాలకు మించిన ఎస్టేటు, దానితోపాటు పిట్ రివర్స్ అనే ఇంటిపేరు ఆయనకు సంక్రమించాయి.

ఆ నేల అడుగున రోమన్ల పాలనాకాలపు పల్లెలు ఉన్నాయి. ఉడ్‌కట్స్, రాదర్లీ అనే చోట్ల ఆయన త్రవ్వకాలు జరిపించాడు. ఆనాడు త్రవ్వకమంటే చాలామందికి అపురూప వస్తువుల వేటే. తుప్పుపట్టిన మేకును, వంగిన కంచు పిన్నీసును ఎవరూ లెక్కచేసేవారు కారు. పిట్ రివర్స్ వాటినే శ్రద్ధగా ఏరించాడు. సామాన్యుడు భుజాన వస్త్రం జారకుండా పెట్టుకున్న ఆ పిన్నీసు, రాజుల చరిత్రలో కానరాని పల్లె బ్రతుకుకు సాక్ష్యం. అయితే దొరికిన చోటు తెలియకపోతే ఆ సాక్ష్యం మూగదే. అందుచేత ప్రతి వస్తువూ ఎక్కడ, ఎంత లోతున లభించిందో పట్టికలలో వ్రాయించి, బొమ్మలు గీయించాడు. తనకు అంతుపట్టని వాటినీ విడువలేదు. వాటి విలువ తరువాతివారికి తెలియవచ్చునని తలచాడు. గోతులు పూడ్చేటప్పుడు అడుగున తన పేరుగల లోహపు బిళ్ళను ఉంచేవాడు. తమకన్న ముందు అక్కడ త్రవ్వినదెవరో భావి పరిశోధకులు గుర్తించాలి కదా!

స్వభావరీత్యా ఆయన కఠినుడు. పనివారి అజాగ్రత్తను సహించేవాడు కాడు. 1887 నుండి 1898 వరకు తన త్రవ్వకాల వివరాలను నాలుగు పెద్ద సంపుటాలుగా సొంత ఖర్చుతో అచ్చువేయించాడు. 1900లో మరణించాడు. క్రాన్‌బోర్న్ చేజ్‌లో ఆయన సేకరించిన వస్తువులు 1970లలో సాలిస్‌బరీ మ్యూజియానికి చేరాయి.