ఆరిస్టైడీసు కట్టిన పద్దు

ఏథెన్సు నగరవాసి ఆరిస్టైడీసు పేరు వినినంతనే, ఆతని దేశబహిష్కారపు కథ చదువరులకు స్ఫురించును. వ్రాత రాని పల్లెటూరివాడొకడు, తానెవరితో మాటలాడుచున్నాడో యెరుగక, పెంకుపై ఆరిస్టైడీసు పేరు వ్రాసిపెట్టుమని యాతనినే కోరెనట. ఆ మనుష్యుడు చేసిన కీడేమని యడుగగా, అందరును వానిని న్యాయశీలి యనుచుండుట విని విసుగు పుట్టినదనెనట. ఆరిస్టైడీసు మారుపలుకక వ్రాసియిచ్చెనని ప్లూటార్కు చెప్పెను. ఇది క్రీ. పూ. 482 నాటి మాట. లెక్కలు వ్రాసి బ్రదికినవాడనగుటచే నాకు దీనికంటె తరువాతి కథయే మిన్నగా తోచును.

క్రీ. పూ. 480లో పారశీక చక్రవర్తి దండెత్తి రాగా, ఏథెన్సువారు ఆతనిని మరల పిలిపించుకొనిరి. సలామిసు, ప్లాటియా యుద్ధములలో శత్రువు ఓడెను గాని, తిరిగి వచ్చునను భయము తీరలేదు. స్పార్టా సేనాని పౌసేనియసు అహంకారమునకు రోసిన గ్రీకు పట్టణములనేకము ఏథెన్సు నాశ్రయించి, 477 ప్రాంతమున రక్షణకూటమిగా నేర్పడెను. ఓడలు కావలెను, నావికులకు జీతములు కావలెను. ఎవరెంత యీయవలెను? మన గ్రంథాలయమునకు సాలు చందా నిర్ణయించుటకే మూడు సభలు పట్టెను గదా!

ఆ పట్టణములవారు మదింపునకు ఆరిస్టైడీసునే కోరిరి. ఆతడు ఒక్కొక్క పట్టణపు భూమిని, రాబడిని విచారించి, శక్తికి తగినంత పాలు వేసెను. కొందరు ఓడలిచ్చిరి, తక్కినవారు వెండి యిచ్చిరి. మొత్తము సాలుకు 460 టాలెంట్లు. టాలెంటనగా ఆరువేల ద్రాఖ్మాలు, సుమారు 26 కిలోల వెండి. యుద్ధనౌకకు 200 మంది; మనిషికి దినమున కొక ద్రాఖ్మా చొప్పున కట్టిచూచితిని. నౌకకు నెలకొక టాలెంటు పడును. 60 నౌకలు ఎనిమిది నెలలు సముద్రముపై నుండిన 480 అగును. కావున ఆతని మొత్తము ఆశకు పోయి పెంచినదియు కాదు, మొగమోటమునకు తగ్గించినదియు కాదు. బొక్కసమును ఏథెన్సులో గాక డీలోసు దీవిలో నుంచిరి.

పిదప 454లో ఆ బొక్కసము ఏథెన్సునకు తరలెను. 431 నాటికి వసూలు 600 టాలెంట్లకు పెరిగెను. 425లో మదింపు తొలినాటికి దాదాపు మూడింతలయ్యెను. చందా కప్పమయ్యెను, ఎదిరించిన పట్టణములపై ఏథెన్సు నౌకలే విరుచుకుపడెను. ఆరిస్టైడీసు మదింపు నాటి కాలమును కూటమివారు కృతయుగమువలె తలచుకొనిరట.

ఆతడిదంతయు చూడలేదు. అన్ని పట్టణముల వెండిని లెక్కగట్టిన యాతని యింట, చనిపోవునాటికి దహనవ్యయమునకైన సొమ్ము లేకుండెనందురు. ప్రజలే ఫాలెరములో సమాధి కట్టించిరి. ఇరువురు కుమార్తెల వివాహములకు ప్రభుత్వ ధనమునుండి ఒక్కొక్కరికి మూడువేల ద్రాఖ్మాలిచ్చిరి.