రాగిరేకుపై మూడు చెట్లు : రెంబ్రాంట్ జీవితము

హాలండు దేశమున లైడెన్ నగరమునందు 1606వ సంవత్సరము జూలై 15వ తేదీన రెంబ్రాంట్ జన్మించెను. తండ్రి పిండిమర యజమాని. బాలుని మనస్సు చిత్రలేఖనమునందే లగ్నమైయుండుటచే తలిదండ్రు లాతని నొక చిత్రకారునికడ శిష్యునిగా నుంచిరి. తరువాత నతడు ఆమ్‌స్టర్‌డాము చేరి, ధనికుల రూపచిత్రములు వ్రాసి కీర్తి నార్జించెను. 1634లో సాస్కియాను వివాహమాడెను. 1639లో 13,000 గిల్డర్లకు గొప్ప యిల్లు కొనెను. కాని దాని వెల పూర్తిగా తీర్పలేకపోయెను.

ఆ సౌఖ్యము నిలువలేదు. ముగ్గురు బిడ్డలు పసితనముననే గతించిరి. 1641లో పుట్టిన టైటస్ ఒక్కడే బ్రదికెను. మరుసటి యేడు సాస్కియాయు కన్నుమూసెను. ఆ పై సంవత్సరమే, అనగా 1643లో, రెంబ్రాంట్ ‘మూడు చెట్లు’ అను ప్రకృతిదృశ్యమును రాగిరేకుపై చెక్కెను.

ఈ విద్య యెట్టిదో మన విద్యార్థు లెరుగవలెను. నునుపైన రాగిరేకునకు మైనపు పూత పూసి, సూదితో బొమ్మ గీయుదురు. రేకును ద్రావకమున ముంచగా, సూది పూతను తొలగించిన చోటులను మాత్రమే ద్రావకము తినివేసి గాడులు చేయును. పిదప పూత తీసి, గాడులలో సిరా నింపి, పైభాగమును తుడిచి, తడికాగితము పరచి యంత్రమున గట్టిగా నొత్తుదురు. రెంబ్రాంట్ ఇంతతో తృప్తి చెందక, ఉలితోను వట్టి సూదితోను రాగిమీదనే మరికొన్ని గీతలు చేర్చెను. అందుచేతనే 11 అంగుళముల వెడల్పుగల యా కాగితమున ఎడమవైపు వాన వాలుగా కురియుచున్నట్లును, కుడివైపు గట్టుపై మూడు చెట్లు వెలుగున కెదురుగా నిలిచినట్లును మనకు తోచును. నీటియొడ్డున నొకడు గాలము వేయుచున్నాడు. గట్టుమీద చీమంత చిత్రకారు డొకడు బొమ్మ గీసికొనుచున్నాడు.

1656లో అప్పుల భారముచే రెంబ్రాంట్ దివాలా తీసెను. ఇంటిలోని వస్తువులన్నియు జాబితా కెక్కి వేలమున పోయెను. 1658లో ఇల్లును అమ్ముడుపోయెను. అప్పులవా రాతని కష్టఫలమును హరింపకుండ, 1660లో కుమారుడు టైటస్, గృహమున నున్న హెండ్రికే యను నామెయు వ్యాపారము తమ పేర పెట్టి, అతనిని తమ పనివానిగా చేసికొనిరి. ఒకప్పుడు శిష్యులకు గురువైన వాడు కుమారునికడ కొలువు చేయుట చిన్నతనమని తలపక పనిచేసెను. మన దేశపు మొగలు చిత్రములను చూచి శ్రద్ధగా ప్రతులు గీసికొనినదియు ఇంచుమించు ఆ కాలముననే.

1668లో టైటస్ మరణించెను. 1669 అక్టోబరు 4వ తేదీన రెంబ్రాంట్ కాలధర్మము నొందగా, అద్దెసమాధిలో పూడ్చిరి. అతడు చెక్కిన రాగిచిత్రములు సుమారు 300. అమ్ముడుపోయిన యా యిల్లు 1911 నుండి అతని పేరిటి ప్రదర్శనశాలయై యున్నది.

డ్రాయింగు గంటను ఆటగంటగా నెంచు బాలబాలికలకు మేము చెప్పదలచిన దొక్కటే. భార్య, బిడ్డలు, ఇల్లు, ధనము అన్నియు పోయినను, చేతిలోని సూదిని కుంచెను అతడు విడువలేదు. వేలమున పోనిది ఆ విద్య యొక్కటియే.