ఒలింపిక్‌ విజేతే... అయినా పరీక్ష తప్పలేదు!

ఒలింపిక్స్‌లో రెండు పోటీలు గెలిచొచ్చిన విద్యార్థికి కాలేజీలో ఎలాంటి స్వాగతం ఉంటుంది? ఫ్లెక్సీలు, పూలదండలు, సన్మానసభ... ఇవేగా మనకు గుర్తొచ్చేవి! 1896లో ఏథెన్స్‌ నుంచి బుడాపెస్ట్‌కు తిరిగొచ్చిన ఆల్‌ఫ్రెడ్‌ హయోష్‌కి మాత్రం కాలేజీలో వేరే అనుభవం ఎదురైంది. డీన్‌ కనీసం అభినందించలేదు. అతని పతకాల మీద తనకేమీ ఆసక్తి లేదనీ, వచ్చే పరీక్షలో ఏం జవాబులు చెబుతాడో వినడానికి మాత్రం ఎదురుచూస్తున్నాననీ తేల్చి చెప్పేశాడు.

అప్పటికి హయోష్‌ వయసు పద్దెనిమిదేళ్లు. చదువుతున్నది ఆర్కిటెక్చర్‌. వేరే ఎవరైనా అయితే ఆ మాటకు చిన్నబుచ్చుకుని చదువు వదిలేసేవారేమో. అతను వదల్లేదు. ఈతను దూరం పెట్టేసి పుస్తకాలకే అతుక్కుపోనూ లేదు. రెండింటినీ పట్టుకుని నడిచాడు. ఆ నిర్ణయం ఎంత సరైనదో తెలియడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.

నాన్నను మింగిన నది

హయోష్‌ 1878 ఫిబ్రవరి 1న బుడాపెస్ట్‌లో ఓ యూదు కుటుంబంలో పుట్టాడు. అసలు పేరు ఆర్నోల్డ్‌ గుట్‌మన్‌. పదమూడేళ్ల వయసులో తండ్రి డాన్యూబ్‌ నదిలో మునిగి చనిపోయాడు. అలాంటి ఇంట్లో పిల్లల్ని నీళ్ల దరిదాపులకు వెళ్లనివ్వడమే కష్టం. ఈ కుర్రాడు మాత్రం ఈతలో ఆరితేరాలని నిశ్చయించుకున్నాడు. పోటీల్లోకి దిగాక పేరు కూడా మార్చుకున్నాడు. హంగేరియన్‌ భాషలో హయోష్‌ అంటే నావికుడు.

తొలి ఆధునిక ఒలింపిక్స్‌ ఏథెన్స్‌లో జరుగుతున్నాయని తెలిసినప్పుడు అతను యూనివర్సిటీ విద్యార్థి. క్లాసులు వదిలి వెళ్లడానికి అనుమతి అంత తేలిగ్గా దొరకలేదు. ఎలాగోలా తెచ్చుకుని బయల్దేరాడు.

ప్రాణం దక్కితే చాలనుకుని...

ఇప్పటిలా నీలం రంగు టైల్స్‌ వేసిన కొలనులు, లేన్లు అప్పుడు లేవు. 1896 ఏప్రిల్‌ 11న ఈత పోటీలన్నీ పిరాయస్‌ దగ్గర జియా అనే అఖాతంలో, సముద్రంలోనే పెట్టారు. నీళ్ల ఉష్ణోగ్రత పదమూడు డిగ్రీల దగ్గర ఉంది. పైగా ఎగసిపడే అలలు.

ముందు 100 మీటర్ల పోటీ. హయోష్‌ 1 నిమిషం 22.2 సెకన్లలో ముగించాడు. ఆస్ట్రియాకు చెందిన ఓటో హెర్ష్‌మన్‌ కంటే ఒక సెకను కూడా తేడా లేదు. మూడు పోటీల్లోనూ దిగాలని అతనికి ఉన్నా, 500 మీటర్ల పోటీ మిగతా రెండింటి మధ్యలో పడింది. ఊపిరి తీసుకునే వ్యవధి లేదు. దాన్ని వదులుకుని 1200 మీటర్లకు సిద్ధమయ్యాడు.

మొదటి పోటీలోనే చలి ఎలాంటిదో తెలిసొచ్చింది కదా! అందుకే ఈసారి ఒంటినిండా అర అంగుళం మందాన గ్రీజు పూసుకున్నాడు. ఈతగాళ్లను పడవల్లో సముద్రం లోపలికి తీసుకెళ్లి వదిలేశారు. అక్కడి నుంచి ఒడ్డుకు ఈదుకుంటూ రావాలి. మధ్యలో కండరాలు పట్టేస్తే ఏమవుతుందోనన్న ఆలోచనకే వణుకు పుట్టిందనీ, ఆ సమయంలో గెలుపు కంటే బతికి బయటపడాలన్న కోరికే గట్టిగా ఉందనీ తర్వాత అతనే చెప్పుకున్నాడు. 18 నిమిషాల 22.2 సెకన్లలో ఒడ్డు చేరాడు. రెండో స్థానంలో వచ్చిన గ్రీకు ఈతగాడు అతనికి రెండున్నర నిమిషాలకు పైగా వెనకబడ్డాడు.

ఏథెన్స్‌ విజేతల్లో అందరికంటే చిన్నవాడు అతనే. విందులో గ్రీస్‌ యువరాజు ఇంత బాగా ఈదడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, నీళ్లలోనే అని జవాబిచ్చాడట!

డిగ్రీ తర్వాత అసలు కథ

ఆ తర్వాతేమైంది? డీన్‌ చెప్పిన పరీక్షలు రాశాడు, ఆర్కిటెక్ట్‌ అయ్యాడు. ఆటలూ మానలేదు. పరుగులో, హర్డిల్స్‌లో, డిస్కస్‌లో హంగేరీ ఛాంపియన్‌. 1902లో ఆస్ట్రియాతో ఆడిన హంగేరీ తొలి అంతర్జాతీయ ఫుట్‌బాల్‌ మ్యాచ్‌లో జట్టు సభ్యుడు. ఆ మ్యాచ్‌లో హంగేరీ 0-5తో చిత్తుగా ఓడింది. అది వేరే సంగతి!

వృత్తిలో మాత్రం ఒలింపిక్‌ పేరును పట్టుకుని వేలాడలేదు. ఇగ్నాట్స్‌ ఆల్పార్‌, ఓడన్‌ లెహ్నర్‌ లాంటి పేరున్న ఆర్కిటెక్టుల దగ్గర పనిచేశాడు. మనం ట్రెయినీ, జూనియర్‌ అంటామే, ఆ దశను దాటేశాకే యానోష్‌ విల్లాని అనే సహచరుడితో కలిసి సొంత ఆఫీసు పెట్టాడు. డెబ్రెసెన్‌ నగరంలోని ప్రసిద్ధ అరాన్యబిక హోటల్‌ అతని డిజైనే.

రెండు దారులూ 1924లో పారిస్‌లో కలిశాయి. అప్పట్లో ఒలింపిక్స్‌లో కళలకూ పతకాలిచ్చేవారు. శిల్పం, చిత్రలేఖనంతో పాటు ఆర్కిటెక్చర్‌ కూడా ఒక విభాగం. దెజో లౌబర్‌తో కలిసి హయోష్‌ ఒక స్టేడియం ప్లాన్‌ పంపాడు. న్యాయనిర్ణేతలు స్వర్ణం ఎవరికీ ఇవ్వలేదు. వీళ్లిద్దరికీ రజతం దక్కింది. ఆటల్లోనూ, కళల్లోనూ ఒలింపిక్‌ పతకాలు సాధించినవాళ్లు చరిత్రలో ఇద్దరే. ఒకరు అమెరికాకు చెందిన వాల్టర్‌ వినాన్స్‌, రెండోవాడు హయోష్‌.

ఇంకో తమాషా చూడండి. 1896లో మొదటి స్థానానికి వెండి పతకమే ఇచ్చేవారు. 1924లో స్వర్ణం ఇవ్వనేలేదు. అంటే ఆయా పోటీల్లో తనకంటే మీద ఎవరూ లేకపోయినా బంగారు పతకం మాత్రం అతని చేతికి ఎప్పుడూ రాలేదు.

చన్నీళ్లు గుర్తుపెట్టుకున్నవాడు కట్టిన కొలను

అతని పేరు నిలబెట్టిన పని 1930లో పూర్తయింది. బుడాపెస్ట్‌లో డాన్యూబ్‌ మధ్యనున్న మార్గరెట్‌ దీవిలో జాతీయ ఈత కొలనుకు డిజైన్‌ చేసింది అతనే. తండ్రిని బలి తీసుకున్న నది నడుమనే, పిల్లలు భయం లేకుండా ఈత నేర్చుకునే చోటు! 2006, 2010 యూరోపియన్‌ ఛాంపియన్‌షిప్‌ల ఈత పోటీలు అక్కడే జరిగాయి. ఇప్పుడు ఆ ప్రాంగణానికి అతని పేరే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో యూదులపై సాగిన మారణకాండ నుంచి అతను ప్రాణాలతో బయటపడ్డాడు. 1953లో అంతర్జాతీయ ఒలింపిక్‌ కమిటీ ప్రత్యేక డిప్లొమాతో గౌరవించింది. 1955 నవంబరు 12న 77 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

మనకేంటి?

* స్పోర్ట్స్‌ సర్టిఫికెట్‌ రెజ్యూమెలో ఒక లైన్‌. ఇంటర్వ్యూలో అడిగేది సబ్జెక్టే. డీన్‌ మాట కటువైనదే, కానీ హయోష్‌ దాన్ని అవమానంగా కాక సిలబస్‌గా తీసుకున్నాడు.

* అన్నిట్లోనూ దిగాలనుకోవద్దు. 500 మీటర్లు వదులుకోబట్టే 1200 మీటర్లకు ఓపిక మిగిలింది. ఏ నోటిఫికేషన్‌ వదిలేయాలో తెలియడం కూడా ప్రిపరేషనే.

* ఇష్టమైనదే ఉద్యోగం కావాలని లేదు. నేర్చుకున్న వృత్తి ఏదో ఒకరోజు ఆ ఇష్టానికి పనికి రావచ్చు. ఏథెన్స్‌లో హయోష్‌ వయసు 18, పారిస్‌లో 46, కొలను పూర్తయ్యేసరికి 52. ఇరవై రెండేళ్లకే ఆలస్యమైపోయిందని బెంగపడేవాళ్లు ఈ అంకెలు ఓసారి చూసుకోవాలి.