లారెన్స్ ఆఫ్ అరేబియా: ఇంటి దగ్గరి దారిలో ఆగిన ప్రయాణం



ఈ నెల జీవిత పరిచయం థామస్ ఎడ్వర్డ్ లారెన్స్ గురించి. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ సినిమా వల్ల ఆయన పేరు మీలో చాలామంది వినే ఉంటారు.

లారెన్స్ 1888 ఆగస్టు 16న వేల్స్‌లోని ట్రెమడాగ్‌లో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివారు. కార్కెమిష్ పురావస్తు తవ్వకాల్లో పనిచేస్తూ అరబిక్ నేర్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, టర్కీ పాలనపై తిరగబడిన అరబ్బులతో కలిసి 1916 నుంచి 1918 వరకు ఎడారిలో పోరాడారు. తర్వాత కీర్తికి దూరంగా ఉండాలని 1922లో పేరు మార్చుకుని వైమానిక దళంలో మామూలు సిపాయిగా చేరారు. 1927, 1928లలో అప్పటి మన దేశంలోనే ఉన్న కరాచీ, మీరంషాలలో పనిచేశారు.

ఆయనకు మోటార్ సైకిల్ అంటే ప్రాణం. బ్రఫ్ సుపీరియర్ బండ్లు ఒకదాని తర్వాత ఒకటి ఏడు నడిపారు. రేసుల్లో తప్ప రోడ్డు మీద హెల్మెట్ పెట్టుకునే అలవాటు ఆ రోజుల్లో లేదు.

1935 మే 13న పోస్టాఫీసులో టెలిగ్రామ్ ఇచ్చి ఇంటికి వస్తున్నారు. రోజూ తిరిగే దారే. సైకిళ్ల మీద వెళ్తున్న ఇద్దరు బాలురను తప్పించబోయి అదుపు తప్పి పడిపోయారు. తలకు బలమైన గాయమై, స్పృహ రాకుండానే మే 19న కన్నుమూశారు. వయసు 46 ఏళ్లు.

ఆయనను చూసిన వైద్యుల్లో మెదడు శస్త్రచికిత్స నిపుణుడు హ్యూ కెయిర్న్స్ ఒకరు. ఆయన అక్కడితో వదిలేయలేదు. రోడ్డు ప్రమాదాల్లో మోటార్ సైకిలిస్టుల తల గాయాలను పరిశీలించి, హెల్మెట్ ప్రాణాలు కాపాడుతుందని 1941లో వ్యాసం ప్రచురించారు. అదే ఏడాది బ్రిటిష్ సైన్యం తన మోటార్ సైకిలిస్టులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. 1973లో బ్రిటన్‌లో అందరికీ అదే చట్టమైంది.

మన దేశంలో నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, వెనక కూర్చున్నవారికి కూడా, హెల్మెట్ తప్పనిసరి. అయినా జహీరాబాద్‌లో ఉదయం స్కూలుకు వచ్చే బండ్లను చూడండి. నాన్న తలకు హెల్మెట్ ఉంటుంది, వెనక కూర్చున్న పాపకు ఉండదు. దగ్గరే కదా అనుకుంటాం. లారెన్స్ పడిపోయింది కూడా ఇంటి దగ్గరి దారిలోనే. పైగా మన పిల్లల్లో కొందరు లారీలు తిరిగే 65వ నంబరు జాతీయ రహదారి దాటి రావాలి.

హెల్మెట్ కొనేటప్పుడు ఇవి చూడండి:

• ఐఎస్ఐ మార్కు, దాని పైన ఐఎస్ 4151 అనే సంఖ్య ఉండాలి.
• కనుబొమ్మలపైన తల చుట్టూ టేపుతో కొలిచి సైజు తీసుకోండి. తల ఊపితే హెల్మెట్ జారకూడదు. పెద్దవాళ్ల హెల్మెట్ పిల్లలకు వదులవుతుంది.
• ముఖమంతా కప్పేది దవడను కూడా కాపాడుతుంది.
• గడ్డం కింద పట్టీ బిగించకపోతే పడినప్పుడు హెల్మెట్ ఊడిపోతుంది.
• దెబ్బను తట్టుకునేది లోపలి థర్మోకోల్ పొర. ఒకసారి గట్టి దెబ్బ తగిలితే, పైకి బాగున్నా కొత్తది కొనండి.
• చెప్పులకు బదులు బూట్లు, పొడవు చేతుల మందపాటి జాకెట్, చేతులకు గ్లౌజులు ఉంటే చర్మం చీరుకుపోదు.

ఏటా పిల్లలకు బ్యాగు, బూట్లు కొంటాం. ఈసారి ఆ జాబితాలో వారి తల కొలతకు సరిపోయే హెల్మెట్ కూడా రాయండి.