బాలురయొద్ద నేర్చిన గురువు: పెస్టలోజీ

స్విట్జర్లండు దేశమందలి జూరిచ్ నగరమున 1746 వ సంవత్సరము జనవరి 12 వ తేదీని యోహాన్ హైన్రిక్ పెస్టలోజీ జన్మించెను. శస్త్రవైద్యుడగు తండ్రి 1751 లో మరణించెను. కుటుంబమును విడువనని ఆయనకు మాట యిచ్చిన బాబెలీ యను పరిచారిక తుదివరకు ఆ మాట నిలుపుకొనెను. చెప్పులును బట్టలును ఊరక అరిగిపోవునని ఆమె పిల్లలను వీథిలోనికి పోనిచ్చెడిది కాదు. ఇట్లు ఇంటి నాలుగు గోడల నడుమ పెరిగిన బాలుడు బడికి పోగా, తోడివారు వానిని వెక్కిరించుచుండిరి. ఆటలాడని బాల్యమెట్టిదో ఆయన అనుభవముచేతనే యెరుగును.

యౌవనమున ఆయన రూసో పండితుడు 1762 లో ప్రకటించిన 'ఎమీల్' అను గ్రంథమును చదివి ముగ్ధుడై, 1770 లో కలిగిన తన కుమారునికి రూసో పేరే పెట్టి, ఆ గ్రంథానుసారముగా పెంపదొడగెను. 1774 లో ఆ శిశువును గూర్చి దినచర్య వ్రాయుచుండగా ఒక సంగతి కనబడెను. బాలుడు అంకెల పేర్లు వల్లించుచుండెనే గాని వాని అర్థ మెరుగడు. గ్రంథము నమ్మి చేసిన ఆ ప్రయత్నము ఫలింపలేదు. ఈడు వచ్చినను బాలునకు చదువు చక్కగా అబ్బలేదు. మూర్ఛరోగ పీడితుడై 1801 లో తండ్రి కన్నులయెదుటనే గతించెను.

1774 లో నోయ్‌హోఫ్ అను తన పొలమునందు బీదపిల్లలను చేర్చుకొని, నూలు వడకుటయు చదువును కలిపి నేర్పెను. భార్య తెచ్చిన ధనమును అందులో కరగిపోయెను. 1780 లో అదియు మూతపడెను. మరుసటి యేట వ్రాసిన 'లీన్‌హార్డ్, గెర్‌ట్రూడ్' అను కథ వలన కీర్తి వచ్చెను గాని, ఆయన కోరినది బడి.

ఆ కోరిక స్టాన్స్ పట్టణమున తీరెను. 1798 సెప్టెంబరు 9 వ తేదీని ఫ్రెంచి సైన్యము ఆ సీమను ధ్వంసము చేయగా అనేకులు అనాథలైరి. 1799 జనవరిలో ఒక కన్యాశ్రమ భవనమున వారిని చేర్చి, పెస్టలోజీకి అప్పగించిరి. గజ్జితోను పేలతోను వచ్చిన పిల్లలు క్రమముగా ఎనుబదిమంది యైరి. వంటకత్తె తప్ప సహాయులు లేరు. వారితోనే తిని వారి నడుమనే నిద్రించెను. పుస్తకములు లేవు గనుక, నేర్చిన బాలుడు నేర్వనివానికి చెప్పునట్లు ఏర్పరచెను. అప్పుడప్పుడు చెంపదెబ్బలు కొట్టిన మాటయు ఆయన దాచక వ్రాసికొనెను. అది మెచ్చదగినది కాదు. ఏప్రిలులో ఆల్ట్‌డార్ఫ్ పట్టణము కాలిపోయినప్పుడు, అచ్చటి పిల్లలను ఇరువదిమందిని చేర్చుకొందమా, చేర్చుకొన్నచో మీకు తిండి తగ్గును, పని హెచ్చును, అని తన పిల్లల నడిగెను. వారు రమ్మనిరి. దయను గూర్చి పాఠము చెప్పక మునుపు దయ చూపు సందర్భము కల్పింపవలెనని ఆయన అచ్చట నేర్చెను. జూన్ నెలలో ఫ్రెంచివారు ఆ భవనమును వైద్యశాల చేసికొనగా, అయిదు నెలల పని అంతటితో ఆగిపోయెను.

పిదప బుర్గ్‌డార్ఫ్‌లో ఒక చెప్పులు కుట్టువాని బడిలో చేరగా, పరీక్షలు కావలెనన్న మీ పిల్లలపై చేసికొనుడని తలిదండ్రులు ఆక్షేపించిరి. ఆయన శిశువుల బడికి మారవలసివచ్చెను. ఒకనాడు కిటికీ బొమ్మ చూపి పాఠము చెప్పుచుండగా, ఎదుట నున్న నిజమైన కిటికీనే చూచి నేర్వరాదా యని ఒక బాలుడు ప్రశ్నించెను. గురువునకు ఆ ప్రశ్నయే పాఠమాయెను. చూచిన వస్తువునుండి మాటకు, దగ్గరనుండి దూరమునకు, సులభమునుండి కఠినమునకు బాలుని బుద్ధి నడచుననియు, ఉపాధ్యాయుడు ఆ నడకనే అనుసరింపవలెననియు 1801 లో గ్రంథము వ్రాసెను. గింజలును రాళ్లును లెక్కించిన పిదపనే అంకెలు చెప్పవలెననెను. మన పల్లెబడుల చింతగింజలు దీనికి దూరము కావు.

1805 నుండి ఇవెర్‌డాన్ కోటలో ఆయన పాఠశాల యూరపంతట ప్రసిద్ధి కెక్కెను. అచ్చటి బాలురు భూగోళమును పటములో గాక సమీపపు లోయలో మొదలిడిరి. బంకమట్టి తెచ్చి, తాము చూచిన కొండ పల్లములను బల్లపై తయారు చేసిరి. పటము చూచుట అటుపిమ్మట. కిండర్‌గార్టెన్ స్థాపకుడైన ఫ్రోబెల్ 1808 నుండి రెండేండ్లు అచ్చట నుండెను. అయినను, వల్లెవేయుటను ఖండించిన పెస్టలోజీయే తల్లులకై కూర్చిన పుస్తకమున శరీరావయవముల పేర్లను విసుగు పుట్టునంత పొడుగున వల్లింపజేయుట వింత. ఆయనకు లెక్కలు చూచుకొను నేర్పు గాని, సహాయుల తగవులు తీర్చు నేర్పు గాని లేదు. ఆ తగవులచేతనే 1825 లో ఆ పాఠశాలయు మూతపడెను.

ముదుసలియై నోయ్‌హోఫ్ చేరి, 1827 ఫిబ్రవరి 17 వ తేదీని బ్రుగ్ పట్టణమున కన్నుమూసెను. బిర్ గ్రామపు పాఠశాల ప్రక్కనే ఆయనను సమాధి చేసిరి. 1846 లో, ఆయన పుట్టిన నూరేండ్లకు, అచ్చట క్రొత్త బడి కట్టి, దాని గోడకే స్మారకచిహ్నమును నిలిపిరి.