పరిశీలనకు పట్టం కట్టిన పరిచారిక

రోగి ఎలా ఉన్నాడని వైద్యుడు అడిగినప్పుడు, కొంచెం నయంగా ఉన్నాడని చెప్పడం సులభం. ఆ జవాబులో చెప్పినవారి ఊహ తప్ప రోగి స్థితి కనిపించదు. ఈ లోపాన్ని గుర్తించి, పరిచర్యకు పరిశీలనయే ప్రాణమని చాటిన వనిత ఫ్లారెన్స్ నైటింగేల్.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో, సంపన్నమైన ఆంగ్ల కుటుంబంలో జన్మించింది. పుట్టిన ఊరి పేరే ఆమె పేరయింది. తండ్రి స్వయంగా విద్య నేర్పాడు. గణితమంటే ఆమెకు అమితమైన ప్రీతి. ఆ కాలంలో ఉన్నత కుటుంబాలవారు నర్సు వృత్తిని చిన్నచూపు చూసేవారు. ఇంటివారు వారించినా వినక, ఆమె 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో శిక్షణ పొందింది.

క్రిమియా యుద్ధకాలంలో, 1854 నవంబరులో, 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక వైద్యశాలకు చేరింది. అక్కడ గాయాలకంటె కలరా, విరేచనాలు, విషజ్వరాల వల్లనే ఎక్కువమంది సైనికులు మరణిస్తూ ఉండేవారు. రాత్రివేళ దీపంతో ఆమె మంచాల మధ్య తిరిగిన దృశ్యం లోకప్రసిద్ధం. 1855 మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘం మురుగు కాలువలను బాగుచేయించిన తరువాత మరణాలు బాగా తగ్గాయి. కనుక ఆ ఘనత ఆమె ఒక్కరిదే కాదు. అయితే ఆ మరణాల లెక్కలను పటాలుగా గీసి పాలకుల కళ్ళు తెరిపించినది ఆమెయే. 1858లో బ్రిటన్ గణాంక శాస్త్ర సంఘంలో సభ్యత్వం పొందిన తొలి మహిళ కూడా ఆమెయే.

1859 చివర వెలువడిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ గ్రంథంలో ఒక అధ్యాయాన్ని రోగి పరిశీలనకే కేటాయించింది. రాత్రి బాగా నిద్రపట్టిందా అని అడగడం వ్యర్థమని ఆమె మతం. పదిగంటలు ఏకధాటిగా నిద్రపోకుంటే ఒకడు నిద్రలేదంటాడు. మధ్యమధ్య కునుకు తీసినవాడు బాగానే నిద్రపోయానంటాడు. ఎన్ని గంటలు, ఏ వేళల్లో నిద్రించాడో అడిగితేనే నిజం తెలుస్తుంది. బొమ్మల అంగడి ముందునుంచి వేగంగా నడిచి, చూసిన వస్తువులను కాగితంపై వ్రాసుకున్న తండ్రీకొడుకుల ముచ్చటను కూడా ఆమె చెప్పింది. తండ్రి ముప్ఫై చెబితే కొడుకు నలభై చెప్పేవాడట. చూపు అభ్యాసంతో పదునెక్కుతుందని ఆమె విశ్వాసం.

స్పృహ విషయంలో ఈ పద్ధతి మరీ అవసరం. తలకు దెబ్బతగిలినవాడు తన బాధ తాను చెప్పుకోలేడు. రాత్రంతా దగ్గరుండే నర్సే అతని నోరు. మగతగా ఉన్నాడనే మాట ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా తోస్తుంది. 1974లో స్కాట్లండులో పనిచేస్తున్న టీస్‌డేల్, జెన్నెట్ అనే వైద్యులు గ్లాస్గో కోమా స్కేలును రూపొందించి ఈ అస్పష్టతను చాలావరకు తొలగించారు. నేడు వాడుకలో ఉన్న విధానంలో కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, అవయవాల కదలికకు 6 వరకు అంకెలు వేస్తారు. మొత్తం 15 ఉంటే రోగి పూర్తి మెలకువతో ఉన్నట్లు. 3 అన్నింటికంటె తక్కువ. మొత్తాన్ని మాత్రమే కాక మూడింటినీ విడివిడిగా వ్రాయాలి. అర్ధరాత్రి 14 ఉన్నది రెండు గంటలకు 11 అయితే, పుర్రె లోపల రక్తస్రావం జరుగుతూ ఉండవచ్చు. వెంటనే వైద్యుని పిలవాలి. నిద్రపోతున్నాడులే అని ఊరుకుంటే ప్రాణం పోవచ్చు.

ఇక్కడ ఒక వింత ఉంది. నిద్రించే రోగిని ఎన్నడూ లేపరాదని నైటింగేల్ గట్టిగా నియమం పెట్టింది. తలకు దెబ్బతగిలినవాని విషయంలో నేటి నర్సులు ఆ నియమాన్ని సడలించి, వేళకు లేపి మరీ పరీక్షిస్తారు. ఆమె నేర్పిన పరిశీలనయే ఆమె నియమాన్ని దాటించింది.

1860లో లండనులోని సెయింట్ థామస్ వైద్యశాలలో ఆమె పేర నర్సుల శిక్షణాలయం ప్రారంభమైంది. అప్పటికే అనారోగ్యం ఆమెను మంచానికి పరిమితం చేసింది. అయినా కలం ఆగలేదు. భారతదేశాన్ని ఎన్నడూ చూడకపోయినా, ఇక్కడి సైనిక స్థావరాలకు ప్రశ్నావళులు పంపించి ఆరోగ్య వివరాలు రాబట్టింది. ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్‌తో నీటిపారుదలను గురించి ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపింది.

1910 ఆగస్టు 13న ఆమె కన్నుమూసింది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఖననం చేస్తామన్నా బంధువులు అంగీకరించలేదు. ఈస్ట్ వెల్లో గ్రామంలోని ఆమె సమాధి ఫలకంపై పేరులోని రెండు పొడి అక్షరాలు, జనన మరణ తేదీలు మాత్రమే ఉన్నాయి.